నిద్రను పిలవడం ఎలా?

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నారు పెద్దలు. అది నిద్ర వచ్చేవాళ్ళ సంగతి. అలాంటివాళ్ళు రైలుపెట్టెలో కిటికీకి తల ఆనించి కూడా గుర్రు పెడతారు. నిద్ర రానివాళ్ళకు బూరుగుదూది పరుపు సయితం ముళ్ళకంపే. గడియారం పన్నెండు కొడుతుంది, ఒంటిగంట కొడుతుంది, వీధిలో కుక్క మొరుగుతుంది, పక్కగదిలో ఎవరో దగ్గుతారు. పాల పాకెట్ల కుర్రాడు గేటు తీసే వేళకు కాస్త రెప్ప వాలుతుంది. అంతలో లేవవలసిన టైము అవనే అవుతుంది.

ఈ మధ్య వచ్చిన ఉత్తరాలలో నిద్రను గురించినవే ఎక్కువగా వున్నాయి. అన్నిటికీ విడివిడిగా జవాబు రాయడం సాధ్యం కాదు గనుక మూడు ఉత్తరాలు ఏరి, వాటిచుట్టూ ఈ వారం నాలుగు మాటలు చెబుతాను.

కాకినాడనుంచి ఒక సోదరి ఇలా రాశారు: "నాకు నలభై రెండేళ్ళు. రెండేళ్ళ కిందట మావారికి బదిలీ అయినప్పటినుంచీ నిద్ర సరిగా పట్టడం లేదు. మా వీధి చివర మందుల షాపతను ఒక మాత్ర ఇచ్చాడు. మొదట్లో సగం వేసుకుంటే హాయిగా వుండేది. ఇప్పుడు ఒకటి వేసుకున్నా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది. మా అత్తగారికి డెబ్భైమూడేళ్ళు. ఆవిడకూ రాత్రిళ్ళు నిద్ర లేదు. పాపం అని, కొద్దిరోజులుగా నా మాత్రలో సగం ఆవిడకు ఇస్తున్నాను. మొన్నరాత్రి బాత్ రూముకు వెడుతూ గడపదగ్గర తూలి పడ్డారు. దెబ్బ పెద్దగా తగల్లేదు. మాత్రవల్లనే అంటారా? మాత్ర లేకుండా నిద్రపట్టే మార్గం ఏదయినా వుందా?"

సోదరీ, ముందు మీ అత్తగారి సంగతి చూద్దాం. మాత్రవల్ల పడి వుండడానికి చాలా అవకాశం వుంది. పెద్ద వయస్సులో మందు ఒంట్లోంచి తొందరగా పోదు. తెల్లవార్లూ మత్తు వుంటుంది, కాలు నిలకడగా పడదు. ఈసారి దెబ్బ తగల్లేదు గాని, ఆ వయస్సులో తుంటి ఎముక విరిగితే మళ్ళీ లేచి నడవడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పనక్కరలేదు. రేపే ఆవిడను డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్ళండి. ఏ మాత్ర, ఎంత, ఎన్నాళ్ళనుంచి ఇస్తున్నారో దాచకుండా చెప్పండి. మీరు మంచి మనసుతోనే ఇచ్చారు. కాని ఒకరి మాత్ర మరొకరికి పెట్టడం పచ్చడి వడ్డించినట్టు కాదు.

ఇక మీ సంగతి. 1960లో ఒకటి, 1963లో ఒకటి కొత్తరకం శాంతిమాత్రలు బజారులోకి వచ్చాయి. అంతకుముందు వాడే నిద్రమందులకంటే ఇవి ప్రమాదం తక్కువ గనుక డాక్టర్లంతా సంతోషించారు. ఇప్పుడు మన ఊళ్ళలో వాడే మాత్రలు చాలావరకు ఆ కుటుంబంలోవే. వీటి చిక్కు ఏమిటంటే, ఒళ్ళు వీటికి అలవాటు పడిపోతుంది. సగం చాలినచోట ఒకటి కావాలి. ఒకటి చాలినచోట రెండు కావాలి. మానేద్దామని ఒక్కసారి ఆపేస్తే నిద్ర మునుపటికంటే దూరమై, గుండెదడ, వణుకు, ఒక్కొక్కప్పుడు ఫిట్సు కూడా వస్తాయి. అంచేత మీ అంతట మీరు హఠాత్తుగా మానకండి. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి. ఇవి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం వుంది. షాపతను మనకు తెలిసినవాడే కావచ్చు. తెలిసినవాడైనంత మాత్రాన డాక్టరు కాడు.

మాత్ర తగ్గిస్తూ వుండగా ఆ ఖాళీలో ఏదో ఒకటి రావాలి గదా. ఆ మార్గాలు చెబుతాను.

ఒంటిని వదులు చెయ్యడం

అమెరికాలో చికాగో నగరంలో ఎడ్మండ్ జాకబ్సన్ అనే డాక్టరు వుండేవారు. కండరాలు బిగుసుకుని వున్నంతసేపూ మనసు నెమ్మదించదనీ, వాటిని పూర్తిగా వదులు చెయ్యగలిగితే మనసు దానంతటదే సద్దుమణుగుతుందనీ ఆయన సిద్ధాంతం. 1929లో వైద్యులకోసం దీనిమీద పెద్ద పుస్తకం రాశారు. 1934లో మామూలు జనానికి అర్థమయ్యేలా మరొకటి రాశారు. ఆయన పద్ధతి నేర్చుకోవడానికి చాలాకాలం పట్టేది. తరువాతివాళ్ళు దాన్ని ఇంట్లో ఎవరికివారు చేసుకునేలా కుదించారు.

వెల్లకిలా పడుకోండి. చేతులు పక్కలకు వదలండి. కుడిచేతి పిడికిలి గట్టిగా బిగించి మనసులో ఏడు అంకెలు లెక్కపెట్టండి. బిగువు ఎక్కడెక్కడ తెలుస్తోందో గమనించండి. ఠక్కున వదిలెయ్యండి. అరనిమిషంపాటు ఆ చెయ్యి ఎలా బరువెక్కుతోందో ఊరికే చూస్తూ వుండండి. తరువాత ఎడమచెయ్యి. ఆపైన భుజాలు చెవులదాకా ఎత్తి వదలండి. నుదురు ముడిచి వదలండి. కళ్ళు గట్టిగా మూసి వదలండి. పళ్ళు బిగబట్టి వదలండి. ఈ దవడ సంగతి చాలామందికి తెలియదు. పగలంతా పైకి అనలేక మింగిన మాటలన్నీ రాత్రికి అక్కడే చేరి కూర్చుంటాయి. తరువాత పొట్ట, తొడలు, పిక్కలు. పిక్కల దగ్గర మాత్రం కాలివేళ్ళను మీవైపుకు వంచండి. అటువైపు చాచి బిగిస్తే నరం పట్టేస్తుంది. నడుంనొప్పి వున్నవాళ్ళూ, ఈమధ్య ఆపరేషను అయినవాళ్ళూ ఆ భాగాలను బిగించకుండా వదిలెయ్యడం మంచిది.

మొత్తం పదిహేను, ఇరవై నిమిషాలు పడుతుంది. మొదటిరోజే నిద్ర వచ్చేస్తుందని ఆశపడకండి. ఇది సంగీత సాధనలాంటిది. మధ్యాహ్నం తీరికవేళ కూడా ఒకసారి చేస్తూ, రెండు మూడు వారాలు ఓపిక పడితే ఒంటికి అలవాటవుతుంది. అప్పుడు బిగించే పని లేకుండానే వదలడం వస్తుంది.

ఇందులో కొత్త ఏముంది, మన శవాసనమే గదా అంటారా? నిజమే, చుట్టరికం వుంది. పదిహేనో శతాబ్దంనాటి హఠయోగ ప్రదీపికలోనే శవాసనం అలసట తీర్చి మనసుకు విశ్రాంతి ఇస్తుందని చెప్పారు. అయితే, "ఒళ్ళు వదులు చెయ్యి" అని ఊరికే అంటే చాలామందికి చేతకాదు. వాళ్ళకు ముందు బిగువంటే ఏమిటో తెలిస్తేగాని వదులంటే ఏమిటో తెలియదు. జాకబ్సన్ పద్ధతి పనికొచ్చేది అక్కడే.

కాళ్ళు, నీళ్ళు

నిద్రపట్టే ముందు లోపలి ఒంటివేడి కొంచెం తగ్గాలి. ఆ వేడి బయటికి పోయే దారి అరచేతులూ అరికాళ్ళూ. అరికాళ్ళు వెచ్చబడ్డవాళ్ళకు తొందరగా నిద్రపడుతుందని స్విట్జర్లండు శాస్త్రజ్ఞులు 1999లో తేల్చారు. పడుకునేందుకు గంట, రెండు గంటల ముందు గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేస్తే సుమారు పది నిమిషాలు ముందుగా నిద్ర వస్తుందని, పాత పరిశోధనలన్నీ కలిపిచూసి అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయంవారు 2019లో చెప్పారు. వేడినీళ్ళు పోసుకున్నాక చర్మంలోకి రక్తం పారి, లోపలి వేడి బయటికి జారిపోతుంది. స్నానం చేసి వెంటనే పక్కమీదికి వెళ్ళకుండా కాస్త వ్యవధి ఇవ్వమనేది అందుకే. మీ అత్తగారికి రాత్రి గోరువెచ్చని నీళ్ళతో కాళ్ళు కడిగి, తుడిచి, కాస్త నూనె రాసి చూడండి. నీళ్ళు మరీ వేడిగా వుండకూడదు. పెద్దవాళ్ళకు, ముఖ్యంగా మధుమేహం వున్నవాళ్ళకు అరికాళ్ళలో చురుకు తక్కువ. కాలినా తెలియదు. ఆ పది నిమిషాలూ ఆవిడతో కూర్చుని మాట్లాడితే అందులోనూ సగం మందు వుంది. గడపదగ్గర చిన్న దీపం ఒకటి రాత్రంతా వెలుగుతూ వుండనివ్వండి.

మనసు సర్దడం

పక్క వేసేటప్పుడు మంచంమీది సామానంతా దింపుతాం. మనసులో సామాను మాత్రం అలాగే వుంచుకుని పడుకుంటాం. రేపు గ్యాసుకు ఫోను చెయ్యాలి, పిల్లవాడి ఫీజు కట్టాలి, ఆడపడుచు ఊరినుంచి వస్తోంది, నూనె నిండుకుంది. ఇవన్నీ చీకట్లో వరసగా వచ్చి తలుపు కొడతాయి.

దీనికి మంచి ఉపాయం ఒకటుంది. అమెరికాలో మైకేల్ స్కలిన్ అనే శాస్త్రజ్ఞుడు 57 మందిని పరీక్షశాలలో పడుకోబెట్టి, పడుకునేముందు అయిదు నిమిషాలు రాయమన్నాడు. కొందరిని ఆ మధ్య పూర్తిచేసిన పనులు రాయమన్నాడు. కొందరిని ఇక ముందు చెయ్యవలసిన పనులు రాయమన్నాడు. చెయ్యవలసినవి రాసినవాళ్ళు రెండోవాళ్ళకంటే సుమారు తొమ్మిది నిమిషాలు ముందు నిద్రపోయారు. పద్దు ఎంత వివరంగా వుంటే అంత తొందరగా నిద్రపట్టిందట. 2018లో ఈ ఫలితం ప్రకటించారు. మనకేమిటంటే, చాకలిపద్దు రాసే పాత నోటుపుస్తకం ఒకటి చాలు. "ఫీజు" అని ఒక్కముక్క రాయకుండా, "సోమవారం పదింటికి బడికి వెళ్ళి ఫీజు కట్టాలి" అని పూర్తిగా రాయండి. రాసి పుస్తకం మూసెయ్యండి. మరచిపోతానేమోనన్న భయం మనసుకు వుండదు.

అప్పటికీ ఆలోచనలు ఆగకపోతే మరో ఉపాయం. కెనడాలో లూక్ బోడాన్ అనే ఆయన దీన్ని ప్రచారం చేశారు. మన అక్షరాలకు ఇది భలేగా నప్పుతుంది. ఏదో ఒక మాట తలచుకోండి. "కడవ" అనుకుందాం. మొదటి అక్షరం "క". కాకి, కత్తిపీట, కొబ్బరిచెట్టు, కిటికీ, కుంకుమభరిణె. ఒక్కొక్కటి అనుకుని, దాని బొమ్మను కంటిముందు ఒక్కక్షణం నిలుపుకోండి. ఒకదానికీ మరొకదానికీ సంబంధం వుండకూడదు. "క"లు అయిపోతే "డ": డబ్బా, డోలు, డాబా. తరువాత "వ": వంకాయ, వాన, వీణ. వరసగా కథ అల్లితే మనసు దాని వెంటపడి మేలుకుంటుంది. పొంతన లేని బొమ్మలు వస్తూ పోతూ వుంటే అది కలల దారి పడుతుంది. చాలామంది "వ" దాకా రానేరారు.

మంచం దేనికి?

ఇన్ని చేసినా నిద్ర రాని రాత్రి వుంటుంది. అప్పుడు ఏం చెయ్యాలి? లేవాలి. ఇది వినడానికి వింతగా వుంటుంది. రిచర్డ్ బూట్జిన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త 1972లో ఈ పద్ధతిని వివరించారు. నిద్రరాక మంచంమీద గంటలకొద్దీ దొర్లేవారికి, మంచం చూడగానే దిగులు పుట్టడం అలవాటవుతుంది. హాల్లో కుర్చీలో తూగినవారు, పక్కమీదికి రాగానే మేలుకోవడం మీరు చూసే వుంటారు. ఆ లంకె తెగాలంటే, ఇరవై నిమిషాలు అయివుంటుందని తోచినప్పుడు లేచి, మరో చోట గుడ్డిదీపం కింద కూర్చోండి. చదివిన పుస్తకమే మళ్ళీ చదవండి. బట్టలు మడత పెట్టండి. కళ్ళు మూతలు పడుతున్నప్పుడే పక్కమీదికి రండి. అవసరమైతే మళ్ళీ లేవండి. గడియారాన్ని గోడవైపు తిప్పెయ్యండి. టైము చూసుకోవడంవల్ల నిద్ర వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. రాత్రి ఎన్నింటికి పడుకున్నా పొద్దున్న మాత్రం ఒకే వేళకు లేవాలి. మీ అత్తగారిని మాత్రం రాత్రిపూట ఇలా లేపి తిప్పకండి. కాలు నిలకడ లేనివాళ్ళకు ఇది పనికిరాదు.

రెండో ఉత్తరం హైదరాబాదునుంచి ఒక పెద్దమనిషి రాసింది: "నా భార్యకు ముప్ఫై అయిదేళ్ళు. పక్కమీద వాలగానే నిద్రపోతుంది. అయినా పగలంతా తూగుతూ వుంటుంది, చీటికిమాటికి విసుక్కుంటుంది. పొద్దున్న నాలుగున్నరకు లేచి పిల్లలకు, నాకు, మా నాన్నగారికి క్యారేజీలు సర్దుతుంది. రాత్రి వంటిల్లు సర్దేసరికి పదకొండున్నర అవుతుంది. ఈ బద్ధకం పోవడానికి ఏదయినా టానిక్కు వుందా?"

అయ్యా, మీరే లెక్క రాసి ఇచ్చారు. పదకొండున్నరనుంచి నాలుగున్నరదాకా అయిదుగంటలు. పెద్దవాళ్ళకు రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర అవసరమని అమెరికాలో నిద్రవైద్య నిపుణుల సంఘాలు 2015లో తేల్చి చెప్పాయి. అంటే ఆవిడ రోజుకు రెండుగంటలు, వారానికి పధ్నాలుగు గంటలు బాకీపడుతున్నారు. తల వాల్చగానే నిద్రపోవడం ఆవిడ అదృష్టం అనుకుంటున్నారు మీరు. అది అలసట. ఆవిడకు కావలసిన టానిక్కు సీసాలో దొరకదు. రాత్రి భోజనం ఎనిమిదింటికల్లా ముగించి, కంచాలు ఎవరివి వారు కడుక్కుని, మర్నాటి కూరలు మీరు తరిగిపెట్టి, పొద్దున్న మీ నాన్నగారి కాఫీ మీరే కలిపి ఇవ్వండి. నెలరోజుల తరువాత ఆవిడ విసుగు ఎంత తగ్గిందో నాకు రాయండి. అప్పటికీ పగటి నిద్రమత్తు తగ్గకపోతే రక్తపరీక్ష చేయించండి. మన ఆడవాళ్ళలో రక్తహీనత చాలా ఎక్కువ.

ఈ మాట మగవారందరికీ చెబుతున్నాను. నిద్ర రాకపోవడం ఒక జబ్బు. నిద్రకు టైము ఇవ్వకపోవడం ఇంటి ఏర్పాటులో లోపం. మొదటిదానికి డాక్టరు వున్నాడు. రెండోదానికి ఇంట్లోవాళ్ళే వైద్యులు.

మూడో ఉత్తరం విజయవాడలో హాస్టల్లో వుంటున్న ఒక విద్యార్థినిది: "పరీక్షలు దగ్గరపడ్డాయి. రాత్రి పదింటికి కాఫీ తాగి ఒంటిగంటదాకా చదువుతాను. తరువాత కాసేపు ఫోను చూస్తాను. పడుకుంటే నిద్ర రాదు. నిద్ర రాకపోతే రేపు చదివింది గుర్తుండదేమోనని భయం. భయంతో ఇంకా రాదు."

అమ్మాయీ, కాఫీలో వుండే కెఫీన్ సగం తరగడానికే సుమారు అయిదుగంటలు పడుతుంది. పదింటికి తాగిన కాఫీ తెల్లవారుజామున మూడింటికి కూడా సగం పని చేస్తూనే వుంటుంది. పడుకోవడానికి ఆరుగంటల ముందు తీసుకున్న కెఫీన్ కూడా గంటకుపైగా నిద్ర తినేస్తుందని 2013లో ఒక పరిశోధనలో తేలింది. అయితే వాళ్ళు ఇచ్చింది నాలుగు కప్పుల కాఫీ పాటి మోతాదు. ఏమయినా నీ ఆఖరి కాఫీ మధ్యాహ్నం రెండింటితో సరి. టీకీ ఇదే సూత్రం. ఫోను వెలుతురు ఒక ఎత్తు, అందులో చూసే సంగతులు మరో ఎత్తు. చదువు ఆపిన తరువాత దాన్ని గదికి అవతలివైపు పెట్టు. అలారానికి పది పన్నెండు పాతికలు పెడితే చిన్న గడియారం దొరుకుతుంది.

చదివింది మనసులో నాటుకోవడం చాలావరకు నిద్రలోనే జరుగుతుంది. కాబట్టి ఒంటిగంటదాకా చదివేకంటే, పదకొండింటికి పడుకుని ఆరింటికి లేచి చదవడం లాభసాటి బేరం. ఇక ఆ భయానికి మందు: నిద్రపోవాలని ప్రయత్నించకు. వియన్నా డాక్టరు విక్టర్ ఫ్రాంకల్ చెప్పిన ఉపాయం ఇది. చీకట్లో పడుకుని, కళ్ళు తెరుచుకుని, "ఇంకాసేపు మేలుకునే వుంటాను" అని నిశ్చయించుకో. నిద్ర పిల్లిలాంటిది. వెంటపడితే మంచం కిందికి దూరుతుంది. పట్టించుకోనట్టు కూర్చుంటే తానే వచ్చి ఒళ్ళో పడుకుంటుంది. ఒకరాత్రి నిద్ర తక్కువైనంత మాత్రాన పరీక్ష పాడయిపోదు. ఆ సంగతి తెలుసుకుంటే సగం భయం పోతుంది.

ఎప్పుడు డాక్టరును చూడాలి?

వారానికి మూడు రాత్రులు చొప్పున మూడు నెలలపాటు నిద్ర లేకపోతే చిట్కాలతో సరిపెట్టుకోకూడదు. అలవాట్లనూ ఆలోచనలనూ సరిదిద్దే శిక్షణనే ముందుగా ఇవ్వాలనీ, మాత్రలు ఆ తరువాతనేననీ 2016లో అమెరికా వైద్యుల సంఘం ఒకటి సలహా ఇచ్చింది. పైన చెప్పిన వాటిలో చాలా భాగం ఆ శిక్షణలోవే. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అయ్యేవాళ్ళు, పడుకోగానే కాళ్ళలో ఏదో పాకుతున్నట్టుండి కదపకుండా వుండలేనివాళ్ళు, ఒంట్లో ఆవిర్లు వచ్చి చెమటతో మేలుకునే వయస్సువాళ్ళు ఇంకా ముందే వెళ్ళాలి. తెల్లవారుజామునే మెలకువ వచ్చి, బతుకుమీద విరక్తి పుడుతున్నవాళ్ళు ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యకుండా ఇంట్లో ఒకరితో చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. కాకినాడ సోదరి కూడా తన తెల్లవారుజాము మెలకువ సంగతి డాక్టరుగారితో తప్పక చెప్పాలి.

మీ ఇళ్ళలో పనికొచ్చిన ఉపాయాలు వుంటే రాసి పంపండి. పసిపిల్లల నిద్ర గురించి అడిగిన తల్లులకు వచ్చేవారం జవాబు ఇస్తాను. అందాకా ఈ రాత్రికి ఒక్క పని చెయ్యండి: రేపటి పద్దు రాసి, పుస్తకం మూసి, దీపం ఆర్పండి.